ఆరాధనమునుండి సాధనకు: కృష్ణాతీర యువతయు, కళానాయకులును

పదునాలుగు పదునైదేండ్ల ప్రాయమున బాలుడు తన్ను తా నెరుగుటకు ముందుగా మరియొకనిని ఎరుగును. తండ్రి చెప్పిన మాటయు, గురువు నేర్పిన పాఠమును ఆ వయస్సున కొంత దూరమునకు జరిగి, ఎన్నడును ముఖాముఖి చూచి యెరుగని యొక గాయకుని కంఠమో, నటుని నడకయో, కవి ధిక్కారమో, నాయకుని త్యాగమో సమీపమునకు వచ్చి, తా నెట్టివాడు కావలెనో అతనికి తెలియజెప్పును. ఈ ఆకర్షణమును వ్యసనమని నిందించువారును, భక్తి యని కొనియాడువారును మన సమాజమున సమానముగనే ఉన్నారు. నిందకును స్తుతికిని నడుమ విచారింపదగిన ప్రశ్న యొకటి కలదు: ఆరాధ్యుడు యువకుని వ్యక్తిత్వమున ఏ మార్గమున ప్రవేశించును, ప్రవేశించి యేమి కట్టును, ఏమి కూల్చును?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు కృష్ణా డెల్టా కంటె అనువైన క్షేత్రము తెలుగునాట దొరకుట కష్టము. 1922 డిసెంబరు 4వ తేదిని గుడివాడ ప్రాంతమందలి చౌటపల్లిలో ఘంటసాల వేంకటేశ్వరరావును, 1923 మే 28వ తేదిని నిమ్మకూరున నందమూరి తారక రామారావును, ఆ వెనుక కొలదికాలమునకే రామాపురమున అక్కినేని నాగేశ్వరరావును జన్మించిరి. అదే సీమలో కూచిపూడి నాట్యమునకును, పెదకళ్ళేపల్లి సంగీత సాహిత్యములకును, బందరు కవిత్వమునకును, బెజవాడ రంగస్థలమునకును రేడియోకును చిత్రవ్యాపారమునకును ఆటపట్టులైనవి. ఒక జిల్లా విస్తీర్ణములో ఇన్ని ఆదర్శములు ఒక్క శతాబ్దమున పుట్టిపెరిగి, నాలుగైదు తరముల యువతను తీర్చిదిద్దిన ఉదాహరణము అరుదు.

ఈ విషయమును పాశ్చాత్య పండితులు పలు తెరగుల పరిశీలించిరి. 1841లో వెలువడిన తన గ్రంథమున థామస్ కార్లైల్ లోకచరిత్రను మహాపురుషుల చరిత్రగా భావించి, వీరారాధనమును మానవస్వభావమందలి స్థిరగుణముగా ఎంచెను. ఎరిక్ ఎరిక్‌సన్ 1950 మొదలుకొని రచించిన గ్రంథములలో, కౌమారమున బాలుడు తా నెవ్వడను ప్రశ్నతో పెనగులాడుచు, ప్రజాసమూహములు కొనియాడు వీరులతో కొంతకాలము తన్ను తాను మరచునంతగా తాదాత్మ్యము చెందుననియు, అది యెదుగుదలలో నొక దశయే యనియు వివరించెను. 1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అను ఇరువురు, రేడియోయందును టెలివిజన్‌యందును గోచరించు వ్యక్తితో శ్రోతలు ప్రేక్షకులు ఏర్పరచుకొను ఏకపక్షమైన చుట్టరికమును వర్ణించిరి. అనుకరణమువలన నేర్చుకొనుటకు చూచుట యొక్కటే చాలదనియు, చూచినది మనస్సున నిలువవలెననియు, చేతితో చేసి చూడవలెననియు, చేయుటకు ప్రేరణ యుండవలెననియు ఆల్బర్ట్ బండూరా సిద్ధాంతీకరించెను.

మన పూర్వులకు ఈ తత్త్వము క్రొత్తది కాదు. శ్రేష్ఠుడు నడచిన త్రోవనే లోకము నడచునని గీతాచార్యుడు పలికినాడు. ఏకలవ్యుని కథ ఇంకను లోతైనది. గురువు దక్కని బాలుడు మట్టితో గురుమూర్తిని నిలుపుకొని విలువిద్య నేర్చెను. మట్టిబొమ్మ అతనికి ఏమియు నేర్పలేదు, బొమ్మయెదుట అహోరాత్రములు సలిపిన అభ్యాసమే నేర్పినది. ఆ కథలోనే రెండవ సత్యమును కలదు: ఆరాధ్యుడు అడిగినదానిని విచారింపక సమర్పించినందున అతడు తన బొటనవ్రేలిని కోల్పోయెను. సాధన నిర్మించును, వివేకములేని సమర్పణము ఛేదించును. ఈ రెండు సత్యములను చేతబట్టుకొని చూచినచో కృష్ణాతీరపు శతాబ్దచరిత్ర మనకు స్పష్టముగా అర్థమగును. ఆరాధన సాధనగా మారినచోట వ్యక్తిత్వము వికసించినది. సాధనకు దారి దొరకనిచోట అదే ఆరాధన గుంపుతత్త్వముగను, కులాభిమానముగను గడ్డకట్టినది. కనుక గుణదోషములను నాయకునియందు మాత్రమే వెదకుట చాలదు. నాయకునికిని యువకునికిని నడుమనున్న గురువులు, సమాజములు, సంస్థలు ఏమి చేసినవో చూడవలెను. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన పిమ్మటనే ఈ నేల సస్యశ్యామలమైనది; అయినను నది యెంత గొప్పదైనను చేనికి నీరందించునది పంటకాలువయే కదా.

ఆనకట్ట తెచ్చిన సంపదయే ఈ సీమలో పాఠశాలలకును, నాటకసమాజములకును, తరువాత చలనచిత్రములకును మూలధనమైనది. ఆ సంపద పండించిన తొలి వీరులు కవులు. తిరుపతి వేంకట కవులు అవధానములు చేయుచు ఊరూర సంచరించిన కాలమున, కవి యనగా రాజాస్థానమున నొదిగియుండు పండితుడను భావము తొలగి, సభలో నిలిచి సవాలు చేయు వీరుడను భావము బాలుర మనస్సులలో నాటుకొనెను. ఆ జంటలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడగుట తెలుగు సాహిత్యమునకు గొప్ప భాగ్యము. దూరమున ఆరాధ్యుడైన మహాకవి తరగతిగదిలో ప్రతిదినము ఎదుట కూర్చుండి పద్యము దిద్దుచుండగా, విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఆయన శిష్యకోటిలో చేరిరి. వీరందరును ఒక్కతీరుగా వ్రాయలేదు. గురువు చేసినదానినే మరల చేయుట శిష్యుని పని యని చెళ్ళపిళ్ళ తలంపలేదు. అందువలననే ఒకడు మహాకావ్యకర్తయై, ఒకడు విమర్శకుడై, ఒకడు పరిశోధకుడై తమ తమ స్వరూపములను పొందగలిగిరి.

ఆ కవులే రచించిన పాండవోద్యోగ విజయములు రంగస్థలమెక్కి, చదువెరుగని పాలేరులచేతను పశులకాపరులచేతను గూడ పద్యములు పాడించినవి. అద్దంకి శ్రీరామమూర్తి ధర్మరాజును, ఈలపాట రఘురామయ్య శ్రీకృష్ణుని వినిన పల్లెటూరి యువకుడు మరునాడు పొలముగట్టున ఆ పద్యమునే ఎత్తుకొనెడివాడు. పద్యము పాడవలెననిన ఉచ్చారణము కావలెను, ఊపిరి నిలువవలెను, అర్థము తెలియవలెను. కనుక ఆ అభిమానము దానంతట నదియే విద్యగా పరిణమించినది. ప్రాథమిక విద్యతోనే చదువు ఆపవలసివచ్చిన నాగేశ్వరరావు స్త్రీపాత్రలు ధరించుచు నాటకములలో పేరుపొంది, బెజవాడ రైల్వేస్టేషనులో చిత్రదర్శకుడు ఘంటసాల బలరామయ్య కంటబడి, 1944లో శ్రీ సీతారామ జననమున కథానాయకుడయ్యెను. తాను పొందలేకపోయిన చదువుపై ఆయనకు గల గౌరవము గుడివాడ కళాశాలకు విరాళరూపమున చేరి, నేడు ఆ కళాశాల ఆయన పేరనే ప్రసిద్ధమైయున్నది. తెరపై ఆయన పోషించిన దేవదాసును జూచి కంటతడిపెట్టిన యువకులెందరో, ఆ కళాశాలలో చదువుకొని గృహస్థులైనవారు నెందరో. ఒక్క కళానాయకుడు యువతను రెండు మార్గముల స్పృశించినాడనుటకు ఇది నిదర్శనము.

సంగీతమున పరంపర మరింత స్పష్టము. త్యాగరాజస్వామి శిష్యుడు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు పెదకళ్ళేపల్లికి చెందిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్యపంతులు. పంతులుగారు బెజవాడను గాయకుల పుట్టినిల్లు గావించిరి. 1930 జూలై 6వ తేదిని శంకరగుప్తమున జన్మించి, పసికందుగా నున్నప్పుడే తల్లిని కోల్పోయిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ పంతులుగారి సన్నిధికి చేరి, ఎనిమిదేండ్ల ప్రాయముననే బెజవాడ సభలో కచేరి చేసెను. ఆ పిల్లవాని గానమునకు ముగ్ధుడైన హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరునకు ముందు 'బాల' శబ్దమును చేర్చెను. అది ఆయన శాశ్వతనామమైనది. ఐదవ తరమున నిలిచిన ఆ శిష్యుడు డెబ్బదిరెండు మేళకర్తలయందును స్వయముగా కృతులు రచించి, త్యాగరాజును ఆరాధించుట యనగా త్యాగరాజు చేసినట్లు సృష్టించుట యని చాటెను. అదే గురుకులమున పెరిగిన వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి విజయవాడనే నివాసముగా జేసికొని, తొంబదియేండ్లు దాటిన పిదప 2021లో పద్మశ్రీ పురస్కారము నందుకొనెను. గురువును కొలిచిన ఇద్దరు శిష్యులలో ఒకడు సంప్రదాయమును విస్తరింపజేయగా, ఒకడు దానిని వాద్యముపై నిలిపి కాపాడెను. పరంపర వ్యక్తిత్వమును అణచునను వాదమునకు ఇంతకంటె బలమైన సమాధానము లేదు.

కూచిపూడిలో ఆదర్శము వేరొక రూపము దాల్చినది. అచ్చటి బాలునికి ఆరాధ్యపాత్ర సత్యభామ. సిద్ధేంద్రయోగి నెలకొల్పిన సంప్రదాయమున భాగవతకుటుంబముల మగపిల్లలు ఆమె వేషము ధరించి, ఆమె గర్వమును, విరహమును, పశ్చాత్తాపమును తమ దేహమున నిలుపుకొనవలెను. ఆమె జడ నర్తకుని విద్యకు సవాలుచిహ్నమై తెరవెలుపల వ్రేలాడును. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా లక్షలమంది హృదయములను దోచెను. తనది కాని స్వభావమును శ్రద్ధతో అభినయించుట నేర్చిన బాలుడు పరుల హృదయమున ప్రవేశించు శక్తిని సంపాదించును. యౌవనమున ఇట్టి శిక్షణము ఎంత విలువైనదో విద్యావేత్తలు ఇంకను తగినంతగా గుర్తింపలేదు. పిదప వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి స్త్రీలకును ఈ విద్య నేర్పగా, 1929లో కూచిపూడిలో పేదయింట పుట్టి మదరాసు చేరిన వెంపటి చినసత్యం 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి వందలకొలది బాలికలను నర్తకీమణులను గావించెను. మగవారు ఆడవేషముతో కాపాడిన సత్యభామ ఈ విధముగా ఆడపిల్లలకే ఆదర్శమై తిరిగి దక్కినది.

1943లో అవతరించిన ప్రజానాట్యమండలి మరియొక విధమైన వీరుని యువతముందు నిలిపెను. డాక్టర్ గరికపాటి రాజారావు నడిపిన ఆ యుద్యమమున సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రచించిన 'ముందడుగు', 'మా భూమి' నాటకములలో నాయకుడు రాజును గాడు, దేవుడును గాడు, రైతు. పొన్నెకల్లున నిరుపేద దూదేకుల కుటుంబమున జన్మించిన షేక్ నాజర్ గుమ్మెటల నడుమ నిలిచి పల్నాటి యుద్ధమును, బొబ్బిలి వీరులను, అల్లూరి సీతారామరాజును గానము చేయుచుండగా, డెల్టా గ్రామములందలి కూలి యువకుడు తన వంటివాడే సభను శాసించుట తొలిసారి చూచెను. తన కులవృత్తిని దాచుకొనక, దాని పేరనే 'పింజారి' యని తన జీవితకథకు నామకరణము చేసి, 1986లో పద్మశ్రీ పొందిన నాజరు, ఆత్మగౌరవమునకు కళ మార్గము కాగలదని జీవించి చూపినాడు. ప్రజానాట్యమండలి దళములలో పాటలు నేర్చినవారు తరువాత ఉపాధ్యాయులుగను, సంఘనాయకులుగను, నటులుగను రూపొందిరి. ఆ యుద్యమముతో రాజకీయముగా విభేదించువారును దాని విద్యాశక్తిని కాదనలేరు.

1948 డిసెంబరు 1వ తేదిని విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనంతట కళానాయకుని స్వరము పంచాయతీ రేడియోద్వారా గ్రామమధ్యమునకు వచ్చెను. బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు, ఓలేటి వేంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం ప్రభృతులు అచ్చట సమకూడి, 'భక్తిరంజని'ద్వారా రామదాసు కీర్తనలను, తత్త్వములను, అష్టపదులను ఉదయవేళ ప్రతి వీధికిని అందించిరి. టిక్కెట్టు కొనలేనివాడును, కచేరి పందిరిలోనికి పిలుపులేనివాడును ఒక్క సంగీతమునే వినగలుగుట సామాన్యమైన విప్లవము కాదు. కాలక్రమమున నగరమున ప్రభుత్వ సంగీత కళాశాల వెలసి, బాలమురళీకృష్ణ దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. ఇప్పుడది ఘంటసాల పేర నడచుచున్నది. రేడియో చెవిని మేల్కొలిపినది. కళాశాల గొంతును తీర్చినది. ఈ రెండును ఒక్క నగరమున జతపడుటచేతనే విజయవాడ కొన్ని దశాబ్దములపాటు విద్వాంసులకు పెంపకపుటిల్లైనది.

ఘంటసాల చరిత్రము మన ప్రశ్నకు హృదయస్థానము. తండ్రి సూరయ్య భజనలలో తరంగములు పాడుచుండగా చిన్ననాడే నృత్యముచేసి మెప్పుపొందిన ఆ బాలుడు, తండ్రి గతించిన పిమ్మట ఆయన కోరికను తన వ్రతముగా జేసికొని, విజయనగరము చేరి, ద్వారం వేంకటస్వామినాయుడు అధ్యక్షుడుగా నున్న సంగీత కళాశాలలో విద్యార్థియై, మధుకరముతో కడుపు నింపుకొని, పట్రాయని సీతారామశాస్త్రి వాత్సల్యమున గానమభ్యసించెను. 1942 క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని బళ్ళారి అలీపురము జైలులో శిక్ష అనుభవించెను. తరువాత సముద్రాల రాఘవాచార్యుల ప్రోత్సాహమున మదరాసు చేరి, మన దేశము, పాతాళ భైరవి, మాయాబజారు చిత్రములతో తెలుగువారి కంఠమైనాడు. లోకము కొనియాడు ఆ గొంతుకు వెనుక ఆకలియు, దేశభక్తియు, గురుభక్తియు ఉన్నవి. యువకులు పాటను మాత్రమే విని ఈ చరిత్రను వినకున్నచో సగము ఘంటసాలనే ఎరిగినవారగుదురు.

ఆయన ప్రభావము పద్యగానమున ప్రత్యేకముగా గోచరించును. రంగస్థలమున దీర్ఘమైన రాగాలాపనలో మాట మునిగిపోవుట ఆనవాయితీగా నుండగా, ఘంటసాల రాగమును భావమునకు కావలసినంతయే వాడి, పదమును పదముగా వినిపించెను. జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన పుష్పవిలాపమును ఆయన గళమున విని కంఠస్థము చేసిన విద్యార్థులు ఆ తరమున అసంఖ్యాకులు. 1974 ఫిబ్రవరి 11వ తేదిని ఆయన అస్తమించిన పిమ్మట లోకమునకు అందిన భగవద్గీత గానము ఆలయములలోను, మరణము సంభవించిన యిండ్లలోను నేటికిని వినబడుచున్నది. శుభాశుభములందు ఊరివారందరును ఒక్క కంఠమును తమదిగా భావించుటయే సాంస్కృతికైక్యమునకు పునాది. ఆ పునాదిపై పెరిగిన బాలుడు తాను తెలుగువాడనని వేరుగా నేర్చుకొనవలసిన పనిలేదు.

రామారావు విషయమున ప్రభావము మరింత విశాలము, మరింత సంకీర్ణము. విజయవాడలో చదువుకొనుచు సైకిలుపై హోటళ్ళకు పాలు పోసిన యువకుడు, విశ్వనాథవారి శిష్యుడుగా కళాశాల నాటకమున మీసము తీయుటకు ఒప్పుకొనక నాగమ్మ వేషము ధరించి 'మీసాల నాగమ్మ' యైన కథ ఈ సీమలో అందరికిని తెలిసినదే. 1947లో లభించిన సబ్‌రిజిస్ట్రారు ఉద్యోగమును కొలది దినములకే విడిచి, 1949లో మన దేశమున తొలిసారి తెరపై కనబడి, 1957 మాయాబజారులో శ్రీకృష్ణుడై, 1963 లవకుశలో శ్రీరాముడై, ఇంటింటి పటములందలి దైవమునకు తన ముఖమును అరువిచ్చెను. నర్తనశాలలో బృహన్నల పాత్రకై నలుబదియేండ్ల వయస్సున కూచిపూడి నాట్యము నభ్యసించెను. 1982 మార్చి 29వ తేదిని పార్టీని స్థాపించి, తొమ్మిది మాసములలో ప్రజలను ఒప్పించి, 1983 జనవరి 9వ తేదిని ముఖ్యమంత్రియైనప్పుడు, తెలుగువాని ఆత్మగౌరవమను భావము యువతలో రాజకీయ స్వరూపము దాల్చెను. చదువుకొన్న పడుచువారనేకులు ఆ వెల్లువలో తొలిసారి శాసనసభకు వెళ్ళిరి. దేవుని వేషమునందు కొలిచిన మనుష్యుని పాలకునిగా ఎన్నుకొనుట వివేకమా యని నాడు ప్రశ్నించినవారు ఉండిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఆయన జీవితమునుండి యువకుడు గ్రహింపదగినది కిరీటమును గాదు. తెల్లవారకమునుపే లేచి పనిచేసిన క్రమశిక్షణమును, ప్రతి పాత్రను క్రొత్తగా నేర్చిన వినయమును.

ఆరాధన ఇంతవరకు మనకు చూపిన వెలుగునకు ప్రక్కనే నీడయు కలదు. విజయవాడ గాంధీనగరము ఆంధ్రదేశపు చిత్రపంపిణీకి రాజధానియైన కాలమునుండి అభిమానసంఘములు విరివిగా వెలసినవి. తొలినాటి ప్రదర్శనమున హారతులు, పాలాభిషేకములు, నిలువెత్తు బొమ్మలు, పరస్పర దూషణములు, కొన్ని వేళల కొట్లాటలు ఈ నగరవీధులకు పరిచితములు. ఈ సంఘములను శాస్త్రీయముగా పరిశీలించిన ఎస్.వి. శ్రీనివాస్, అభిమానియందు భక్తితోపాటు ధిక్కారమును ఉన్నదనియు, నాయకుడు ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారమును అభిమాని తనకు తానే యిచ్చుకొనుననియు ప్రతిపాదించిరి. ఇది ఆలోచింపదగిన మాట. ఊరిలో ఎవ్వరును పలుకరింపని పేద యువకునికి సంఘాధ్యక్షుడను పేరు తొలి గౌరవము. గోడపై అచ్చుపడిన తన పేరు తొలి గుర్తింపు. గుర్తింపునకై గల ఆ ఆకలిని వెక్కిరించుట క్రూరత్వము. దానిని సత్కార్యమున వినియోగించుటయే పెద్దల బాధ్యత. 1998 అక్టోబరు 2వ తేదిని చిరంజీవి స్థాపించిన సేవాసంస్థ రక్తదాన, నేత్రదానములవైపు అభిమానులను మరల్చినప్పుడు, అంతవరకు జయధ్వానములకు పరిమితమైన ఉత్సాహమే ప్రాణదానమునకు సాధనమైనది.

అభిమానము కులముతో ముడివడుట మాత్రము ఈ సీమ అనుభవించిన నిజమైన విషాదము. అందరి ఆస్తియైన నటుని ఒక వర్గము తన సొత్తనుకొని, ఎదుటి నటుని అవమానించుట తన గౌరవమనుకొన్నప్పుడు, యువకుడు తాను ఎన్నుకొనిన ఆదర్శమును గాక తాను పుట్టిన గుంపును పూజించినవాడగును. అట్టి పూజ వ్యక్తిత్వమును పెంచదు. ఉన్న గోడలకు రంగు వేయును. దీనికి విరుద్ధముగా, వెలివాడలలోని యువత ఎన్నుకొనిన ఆదర్శములు గోడలను పడగొట్టుటకు పుట్టినవి. సాహిత్యసభలలో అస్పృశ్యతావమానములను భరించి 1941లో గబ్బిలమును వెలువరించిన గుర్రం జాషువ వారికి కవిత్వమున స్థానము నిచ్చెను. అంబేద్కరు చదువునందు విశ్వాసము నిచ్చెను. 1985లో కారంచేడునను, 1991లో చుండూరునను దళితులపై జరిగిన దారుణముల పిమ్మట పల్లె పల్లెయందు వెలసిన అంబేద్కరు విగ్రహము ఆ వాడ బాలునికి పటములోని పెద్దమనిషి కాదు. పరీక్షకు కూర్చుండుమని, న్యాయమడుగుమని, తల యెత్తి నడువుమని చెప్పు బంధువు. 2024 జనవరి 19వ తేదిని విజయవాడ స్వరాజ్య మైదానమున ఆవిష్కృతమైన 125 అడుగుల విగ్రహపు టెత్తును మెచ్చుకొనువారు, ఆ మహనీయుని చేతిలో సదా ఉన్న గ్రంథమును గూడ మెచ్చుకొనవలెను.

ఆడపిల్లలకు లభించిన ఆదర్శములు సంఖ్యలో తక్కువ, మూల్యములో అధికము. చిర్రావూరులో పుట్టి విజయవాడలో శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రివద్ద సంగీతనృత్యములు నేర్చిన సావిత్రి, మాయాబజారు శశిరేఖగా నటనమునకే మేరయై నిలిచెను. పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకి దక్షిణదేశభాషలన్నిటను గానము చేసెను. నాటకసమాజములలో చేరిన స్త్రీని లోకము తక్కువగా చూచుచుండిన దినములలో వీరి కీర్తి వేలాది తల్లిదండ్రుల నిషేధమును సడలించి, బాలికలచేత హార్మోనియము ముట్టించినది, గజ్జెలు కట్టించినది. అయినను బాలుడు నాయకుని అనుసరించినప్పుడు దానిని ఆశయమనియు, బాలిక నాయికను అనుసరించినప్పుడు దానిని సోకు అనియు పలుకు వాడుక మన యిండ్లలో ఇంకను పోలేదు. ఈ భేదము పోనిదే సగము యువత ఆదర్శమునకు దూరముగనే ఉండును.

చలనచిత్రమే సాధనకు వాకిలి తెరచిన సందర్భములును కలవు. కృష్ణాతీరపు రేపల్లె ప్రాంతమున పుట్టిన కె. విశ్వనాథ్ 1980లో శంకరాభరణమును తీసినప్పుడు ఒక వృద్ధ విద్వాంసుడు కథానాయకుడయ్యెను; పెదకళ్ళేపల్లికి చెందిన వేటూరి సుందరరామమూర్తి పాటలు వ్రాసెను; ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము జాతీయ పురస్కారము పొందెను. ఆ చిత్రము చూచిన పిదప పిల్లలను సంగీతమునకు బెట్టిన గృహములు ఈ ప్రాంతమున ఎన్నియో. యువకుడుగా మదరాసు పోటీలో ఘంటసాల తీర్పును అందుకొన్న బాలసుబ్రహ్మణ్యము, 1996లో 'పాడుతా తీయగా'ను ప్రారంభించి, తాను న్యాయనిర్ణేత యైనప్పుడు, పిల్లల శ్రుతిని, ఉచ్చారణమును, పాటలోని భావమును ఓపికతో సవరించుచు, పాట పుట్టిన చరిత్రను వివరించుచు, పూర్వగాయకులను స్మరింపజేసెను. కోట్లమంది ఎదుట ఆరాధ్యుడు గురువుగా కూర్చుండిన ఆ దృశ్యము, ఏ యుగమునందైనను సాధనకు మార్గము వేయవచ్చునని నిరూపించినది.

నేటి స్థితి యేమి? చేతిలోని ఫోను ఆరాధ్యుని ఎల్లవేళల సన్నిధికి తెచ్చినది; కాని ముప్పది క్షణముల తునకలో రాగము నిలువదు, పద్యము పూర్తికాదు. విజయవాడ పరిసరములందలి నివాస కళాశాలలలో ప్రవేశపరీక్షలకై తెల్లవారుజామునుండి రాత్రివరకు చదువు యువతకు పాటనేర్చు గంటయు, నాటకమాడు సాయంకాలమును మిగిలియుండుట లేదు. సాధనకు సమయము హరించి, అభిమానము పెల్లుబికినదని వారిని నిందించుట న్యాయము కాదు. వేరొకవైపు, 2016 డిసెంబరులో విజయవాడలో జరిగిన అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనమున దేశవిదేశములనుండి వచ్చిన వేలాది నర్తకులు ఒక్కసారి నర్తించిరి. అమెరికాలో పుట్టిన తెలుగు బాలికలు భామాకలాపము అభ్యసించుచున్నారు. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోసు 'నాటు నాటు' పాటకు ఆస్కారు నందుకొన్నప్పుడు ప్రవాస యువకుడు తన మాతృభాషను పలుకుటకు సంకోచింపనవసరము లేదని గ్రహించెను. దూరమున నున్నవారికి ఆదర్శము మూలములను గుర్తుచేయుచుండగా, చేరువనున్నవారికి దానిని అభ్యసించు తీరిక కరవగుట మనము ఉపేక్షింపరాని వైపరీత్యము.

వీరారాధనము యువకుని స్వతంత్రబుద్ధిని హరించునను ఆక్షేపమును త్రోసిపుచ్చరాదు. గుడ్డి సమర్పణము ఏకలవ్యుని వ్రేలిని తీసికొన్నట్లే, ఇప్పటి యువకుల ధనమును, కాలమును, కొన్ని వేళల ప్రాణములను గూడ తీసికొనుచున్నది. నాయకుని దోషములను చూడలేని అభిమానము స్నేహమును గాదు, భక్తియు గాదు. అయితే ఆదర్శములు లేని యౌవనము స్వతంత్రమగునని తలంచుటయు భ్రమయే. ఆ శూన్యమును వ్యాపారప్రకటనమో, వీథి ముఠాయో తప్పక నింపును. చెళ్ళపిళ్ళ శిష్యులు, పంతులుగారి శిష్యులు, నాజరు దళసభ్యులు, చినసత్యం శిష్యురాండ్రు, వీరందరును ముందు ఆరాధించినవారే. తాము కొలిచినవారిని దాటిపోవుటకు ధైర్యమును ఆ గురువులవద్దనే సంపాదించిరి. ఆరాధ్యుని మించుటకు అనుమతి యున్న ఆరాధనయే ఆరోగ్యకరము.

కావున కర్తవ్యము స్పష్టము. ప్రతి ఉన్నత పాఠశాలలో వారమునకు కొన్ని గంటలైనను సంగీతమునకు, నాటకమునకు, పద్యపఠనమునకు కేటాయింపవలెను. ఘంటసాల కళాశాల, కూచిపూడి సిద్ధేంద్రయోగి కళాపీఠము వంటి సంస్థలకు బోధకులను, విద్యార్థివేతనములను సమృద్ధిగా సమకూర్చవలెను. అభిమానసంఘములు తమ ఆరాధ్యుని జన్మదినమున కటౌటులకు వ్యయించు ధనములో కొంతభాగముతో నొక పేదబాలునికి వయొలిన్ కొనిపెట్టినను, ఒక బాలికకు నాట్యరుసుము చెల్లించినను, ఆ నాయకుని పేరు మరింత కాలము నిలుచును. తల్లిదండ్రులు బిడ్డ మెచ్చిన గాయకుని వెక్కిరింపక, అతడు ఎట్లు నేర్చెనో, ఎంత శ్రమించెనో కూర్చుండబెట్టి చెప్పవలెను. కృష్ణాతీరము గొప్పవారిని కన్నదని గర్వించుట మనకు హక్కే. ఆ గొప్పవారు యువకులుగా నున్నప్పుడు వారికి దొరికిన గురువు, తీరిక, అవకాశము నేటి యువకునికిని దొరకునట్లు చూచుట ఆ గర్వమునకు మనము చెల్లింపవలసిన ఋణము.